బానెట్ కింద ఏ కుటుంబం?



మహబూబాబాద్ జిల్లా గార్ల రైల్వే స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో పొద్దున పూట కాసేపు నిలబడితే ఎత్తు బండ్లు ఒకటొకటిగా దాటిపోతుంటాయి. మిర్చి బస్తాల ట్రాలీల పక్క నుంచి, డోర్నకల్ వైపు పోయే ఆటోల వెనక నుంచి నెమ్మదిగా తప్పించుకుని పోయే కార్లు అవి. జనం నోట అన్నీ ఎస్‌యూవీలే. వాటి సైలెన్సర్ నుంచి నల్లపొగ రాదు. పక్కన ఆగితే ఇంజన్ నడుస్తోందో లేదో చెయ్యి బానెట్ మీద పెట్టి చూసుకోవాల్సిందే. బంకుకు వచ్చాక డ్రైవర్ అద్దం దించి చెప్పే మాట ‘పెట్రోల్’. పదిహేనేళ్ల కిందట ఇంత ఎత్తు బండి వచ్చి పెట్రోల్ పొయ్యమంటే బంకు కుర్రాడు రెండోసారి అడిగి గానీ పోసేవాడు కాదు. పెద్ద బండి అంటే డీజిల్ అనే అప్పట్లో లెక్క.

ఆ లెక్క ఎలా తిరగబడింది, ఈ బండ్లను లాగుతున్న పెట్రోల్ ఇంజన్లు ఏ ఇంటివి, వాటిని ఎట్లా చూసుకోవాలి అన్నదే ఈ పూట ప్రసంగం.

నిజానికి ఎత్తు బండి పుట్టిందే పెట్రోల్‌తో. 1941లో అమెరికా సైన్యానికి విల్లీస్ కంపెనీ జీపులు చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. దాని బానెట్ కింద ఉన్న ఇంజన్‌కు ‘గో డెవిల్’ అని పేరు. నాలుగు సిలిండర్లు, 2199 సీసీ, 60 హార్స్‌పవర్. అంతకు ముందు ఆ ఇంజన్ ఇచ్చింది 48 హార్స్‌పవరే. బార్నీ రూస్ అనే ఇంజనీరు 1938లో ఆ కంపెనీలో చేరి, ఉన్న ఇంజన్‌నే సాన పట్టి 60కి తెచ్చాడు. తర్వాత అదే బ్లాకు మీద ‘హరికేన్’ వచ్చింది. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వును పైకి, హెడ్‌లోకి మార్చారు. పొగ బయటికి పోయే వాల్వు మాత్రం కింద బ్లాకులోనే ఉండిపోయింది. దాంతో ఇంజన్ పొడుగు పెరిగింది. పాత బానెట్ కింద పట్టలేదు. అందుకే 1953లో వచ్చిన సీజే-3బీ జీపుకు బానెట్ ఎత్తు చేయాల్సి వచ్చింది. మన దేశంలో మహీంద్రా కంపెనీ ఏళ్ల తరబడి చేసిన జీపు అదే. పాత ఫోటోల్లో అధికారుల వెనక, ఎన్నికల మైకుల కింద కనిపించే ఆ ఎత్తు ముక్కు జీపు అందం కోసం అలా చేసింది కాదు. లోపల ఇంజన్ నిటారుగా నిలబడాలి కాబట్టి ముక్కు పైకి లేచింది.

1973లో చమురు ధరలు భగ్గుమన్నాక జీపులో డీజిల్ ఇంజన్ కుదురుకుంది. ఆ తర్వాతి కథ గార్ల, బయ్యారం, గుండాల వైపు పెద్దలకు చెప్పనక్కర్లేదు. కమాండర్ జీపు లోపల పది మంది, వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద మూటలు. సంతకు పోవాలన్నా, ఇల్లందు ఆస్పత్రికి పోవాలన్నా అదే దిక్కు. దాని డీజిల్ ఇంజన్ దడదడ కిలోమీటరు ముందే వినిపించేది, ఊళ్లో వాళ్లు ఆ చప్పుడు విని చెప్పులు తొడుక్కుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. తక్కువ ధర డీజిల్, ఎక్కువ లాగుడు, మొరటు వాడకానికి నిలిచే ఇంజన్: ఈ మూడూ కలిసి డీజిల్‌ను ముప్ఫై నలభై ఏళ్లు గద్దె మీద కూర్చోబెట్టాయి.

గద్దె కదలడానికి కారణాలు ఇంజన్ షెడ్డులో కన్నా ఢిల్లీ కాగితాల్లో ఎక్కువ దొరుకుతాయి. 2010 జూన్‌లో పెట్రోల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలింది, డీజిల్ మీద వదల్లేదు. రెండింటి ధరల మధ్య అగాధం పెరిగి అందరూ డీజిల్ కార్ల మీద పడ్డారు. 2014 అక్టోబర్‌లో డీజిల్ మీద పట్టు కూడా వదిలేసరికి ఆ తేడా కరుగుతూ వచ్చింది. 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేయమంది. 2016 ఆగస్టులో ఆ నిషేధం ఎత్తేసినా, డీజిల్ ఒక్కదాన్నే నమ్ముకున్న కంపెనీలకు ఆ ఎనిమిది నెలలు గట్టి దెబ్బే. చివరిది 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీఎస్-6 అనే పొగ నిబంధన. ఆ నిబంధన కింద డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి పెట్టక తప్పలేదు. ఖర్చు పెరిగింది. మారుతీ అయితే ఆ తేదీ నుంచి డీజిల్ కార్లు చేయడమే మానుకుంది.

అప్పటికే ఒక పెట్రోల్ ఇంజన్ల కుటుంబం పొరుగునే సిద్ధంగా ఉంది. దాని పేరు ‘కప్పా’. గ్రీకు అక్షరం పేరు. హ్యుందాయ్ కంపెనీది. 2008లో చెన్నై దగ్గరి హ్యుందాయ్ కర్మాగారం నుంచి ఐ10 అనే చిన్న కారులో 1.2 లీటర్ ఇంజన్‌గా మన రోడ్ల మీదికి వచ్చింది. చిన్న కారు కోసం పుట్టిన ఈ ఇంజన్ తోబుట్టువులే తర్వాత ఎస్‌యూవీలు లాగడం మొదలుపెట్టాయి.

ఇంజన్లకు కుటుంబం ఏమిటని అనుమానం రావచ్చు. ఒక ఇంట్లో పిల్లలందరికీ ఒకే ముక్కు ఉన్నట్టు, ఒక కుటుంబం ఇంజన్లలో కొన్ని కొలతలు కలుస్తాయి. కప్పాలో కలిసేది సిలిండర్ వెడల్పు. 1.2 లీటర్ ఇంజన్‌లో సిలిండర్ బోరు 71 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 75.6 మిల్లీమీటర్లు. అలాంటి సిలిండర్లు నాలుగు కలిస్తే 1197 సీసీ. అదే 71 మిల్లీమీటర్ల బోరు ఉంచి, పిస్టన్ ప్రయాణాన్ని 84 మిల్లీమీటర్లకు పెంచి, నాలుగు సిలిండర్ల బదులు మూడే పెడితే 998 సీసీ. అది 1.0 లీటర్ టర్బో. బోరును ఒక్క వెంట్రుకంత, 71.6కి పెంచి, 84 మిల్లీమీటర్ల ప్రయాణంతో నాలుగు సిలిండర్లు పెడితే 1353 సీసీ. దానికే 1.4 లీటర్ టర్బో అని పేరు. ఒక చిన్న స్టీలు గ్లాసు మూతంత వెడల్పు నుంచి మూడు బండ్లకు సరిపడా మూడు ఇంజన్లు. కర్మాగారంలో బోరు తొలిచే యంత్రాలకూ, పిస్టన్‌లకూ, రింగులకూ ఇలా ఒక లెక్క కుదిరితే ఖర్చు ఎంత కలిసొస్తుందో, పాతకాలంలో బోరుకు వచ్చిన ఇంజన్‌కు సరైన సైజు పిస్టన్ కోసం ఖమ్మం, వరంగల్ షాపుల చుట్టూ తిరిగిన మెకానిక్‌కు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

1197 అనే అంకె కూడా గాలిలోంచి ఊడిపడలేదు. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ మించకుండా ఉంటే చిన్న కారుగా లెక్కగట్టి పన్ను తగ్గించే పద్ధతి 2006 బడ్జెట్ నుంచి ఉంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారినప్పుడు కూడా ఆ గీత చెరిగిపోలేదు: గీతకు లోపలి బండికి 18 శాతం, బయటి బండికి 40 శాతం. ఇంజన్‌ను ఇంజనీరే గీస్తాడనుకుంటాం గానీ, అందులో సగం గీత ఆర్థిక శాఖది.

ఈ కుటుంబానికి తెలుగు నేల మీద ఇల్లు దొరికింది పెనుకొండ దగ్గర. విజయనగర రాజుల కోట ఉన్న ఊరు అది. ఆ పక్కన ఎర్రమంచిలో, జాతీయ రహదారి అంచున, హ్యుందాయ్ గ్రూపులోదే అయిన కియా కంపెనీ కర్మాగారం కట్టింది. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల బండ్ల సామర్థ్యం. కరువు సీమ అని పేరు పడ్డ చోట, వేరుశనగ చేల మధ్య, 2019 ఆగస్టు 22న సెల్టోస్ అనే ఎస్‌యూవీ అమ్మకానికి వచ్చింది. అందులోని పెట్రోల్ టర్బో ఇంజన్ కప్పా ఇంటి పెద్ద బిడ్డ, ఆ 1353 సీసీది. శక్తి 140 పీఎస్, అంటే దాదాపు అన్నే హార్స్‌పవర్; లాగుడు 242 న్యూటన్ మీటర్లు. 2020 సెప్టెంబర్‌లో సోనెట్ వచ్చింది. దానిలో అదే ఇంటి మిగిలిన ఇద్దరూ చేరారు: 83 పీఎస్ ఇచ్చే 1.2 లీటర్, 120 పీఎస్ ఇచ్చే 1.0 లీటర్ టర్బో. 2023 జులై నాటికి ఆ కర్మాగారం నుంచి బయటికి వచ్చిన బండ్ల లెక్క 10 లక్షలకు చేరింది. గార్లలో కనిపించే ఒక సోనెట్ గానీ సెల్టోస్ గానీ రాయలసీమ చేతుల్లో బిగించుకుని వచ్చిన బండి అన్న సంగతి మనవాళ్లు ఎక్కువగా తలుచుకోరు. తలుచుకోదగ్గ సంగతే అది.

ఇప్పుడు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 1941 జీపులో 2199 సీసీకి 60 హార్స్‌పవర్. సోనెట్ టర్బోలో 998 సీసీకి 120. పరిమాణం సగానికి తగ్గింది, శక్తి రెట్టింపైంది. ఎక్కడి నుంచి వచ్చింది ఈ బలం?

మంటకు కావాల్సినవి రెండు, పెట్రోలూ గాలీ. పెట్రోల్ ఎంతైనా పోయొచ్చు, గాలే దొరకదు. పిస్టన్ కిందికి జారినప్పుడు తనంతట తాను పీల్చుకున్నంత గాలే పాత ఇంజన్‌కు ప్రాప్తం. టర్బో అనేది గాలిని కూరి పంపే చక్రం. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, దానికే బిగించిన రెండో చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి సిలిండర్‌లోకి తోస్తుంది. కొలిమి తిత్తి ఊదితే బొగ్గు ఎట్లా రాజుకుంటుందో అట్లా. తేడా వేగంలోనే ఉంది: ఈ చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. రెండో మార్పు పెట్రోల్ చల్లే చోటు. వెనకటి కార్బొరేటర్ పెట్రోల్‌ను గాలిలో కలిపి పంపేది. తర్వాత వచ్చిన ఇంజెక్టర్ వాల్వుకు ముందు గొట్టంలో చల్లేది. ఇప్పటి టర్బో ఇంజన్లలో చాలావాటికి ఇంజెక్టర్ మూతి నేరుగా సిలిండర్ లోపలే ఉంటుంది. 200 నుంచి 350 బార్ ఒత్తిడితో మంచు తుంపరలా కొడుతుంది. మోటార్‌సైకిల్ టైరులో ఉండే గాలి రెండు బార్ చిల్లర. ఆ పోలికతో ఊహించుకోవచ్చు.

ఇంకో ఇల్లు ఉంది. జీపును డీజిల్ బాట పట్టించిన మహీంద్రాయే 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ దగ్గరి ఆటో ప్రదర్శనలో ‘ఎంస్టాలియన్’ పేరుతో పెట్రోల్ టర్బో కుటుంబాన్ని చూపించింది. 1.2, 1.5, 2.0 లీటర్లు, ముగ్గురు అన్నదమ్ములు. అందులో పెద్దవాడు అదే ఏడాది అక్టోబర్ 2న కొత్త థార్‌లో వచ్చాడు. జీపు వారసుడి బానెట్ కింద మళ్లీ పెట్రోల్! 150 పీఎస్, మాన్యువల్ గేరుతో 300 న్యూటన్ మీటర్లు. ఆ లాగుడు 1250 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 3000 దాకా తగ్గకుండా ఉంటుంది. ఇదే ఇంజన్‌ను ఎక్స్‌యూవీ 700లో 200 పీఎస్‌కు పెంచారు.

డీజిల్‌ను మరిపించింది ఈ కింది ఆర్‌పీఎం లాగుడే. టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజన్ తన పూర్తి బలం చూపాలంటే బాగా తిప్పాలి. సెల్టోస్‌లోనే ఉన్న 1.5 లీటర్ మామూలు పెట్రోల్ ఇంజన్ 144 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర. నలుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పెట్టుకుని గార్ల నుంచి ఇల్లందు వైపు గుట్టల దారిలో పోతే తేడా కాలికే తెలుస్తుంది. మామూలు పెట్రోల్‌కు మూడో గేరు వేసి ఇంజన్‌ను అరిపించాలి. టర్బో అయితే నాలుగో గేరులోనే గొణుక్కుంటూ ఎక్కేస్తుంది.

అయితే అందరూ టర్బోయే కొనాలా? ఊళ్లో తెలివైన మెకానిక్‌ను అడిగితే బండి పేరు అడగడు. “అన్నా, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతవ్? ఏ రోడ్ల మీద తిప్పుతవ్?” అంటాడు. సరైన ప్రశ్న అదే. వారానికి నాలుగు రోజులు ఖమ్మం, హైదరాబాద్ తిరిగే వ్యాపారికి డీజిల్ ఇప్పటికీ గిట్టుబాటే. గార్ల, మహబూబాబాద్ మధ్య బడికో ఆఫీసుకో పోయొచ్చే వాళ్లకు కొత్త డీజిల్ తలనొప్పి. పొగగొట్టంలోని ఆ మసి జల్లెడ బాగా వేడెక్కితే గానీ పట్టిన మసిని కాల్చుకోలేదు. ఇంజన్ కాగేలోపే ఇల్లు వచ్చేస్తే అది పూడుకుపోతుంది, బోర్డు మీద దీపం వెలుగుతుంది. అలాంటివాళ్లకు టర్బో లేని సాదా పెట్రోల్ ఇంజనే మేలు. పికప్ తక్కువే, కానీ చెడిపోయే సామాను కూడా తక్కువ. టర్బో ముచ్చట వాణిజ్య ప్రకటనలు చూసి కాకుండా, నిజంగా ఎక్కాల్సిన ఎత్తులూ మొయ్యాల్సిన బరువూ ఉన్నప్పుడు తీర్చుకోవాల్సింది.

తీర్చుకున్నవాళ్లకు రెండు జాగ్రత్తలు. టర్బో చక్రం ఇరుసు సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిల్ పాతబడినా తగ్గినా మొదట పాడయ్యేది ఆ ఇరుసే. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, చెప్పిన సమయానికి మార్చాలి. హైవే మీద గట్టిగా తోలి వచ్చి ధాబా ముందు వెంటనే తాళం తిప్పేయకూడదు. ఒక నిమిషం ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిస్తే ఆయిల్ ఆ వేడిని లాక్కుపోతుంది.

ఇక ఇంజన్ ఆరోగ్యం కళ్లతో చూడాలంటే స్పార్క్ ప్లగ్గు చాలు. మెకానిక్ పైకవరు తీసి, కాయిల్ ఊడదీసి, పొడుగు బాక్సు పానాతో ప్లగ్గు విప్పి, గుడ్డతో తుడవకుండా అట్లాగే అరచేతిలో పెట్టుకుంటాడు. తెల్లని పింగాణీ కొసన, చిన్న కొక్కెంలాంటి కమ్మీ చుట్టూ ఉన్న రంగును వెలుతురుకు తిప్పి చూస్తాడు. లేత గోధుమరంగు, బిస్కెట్ రంగు ఉంటే లోపల మంట సరిగ్గా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ; ఎయిర్ ఫిల్టర్ చూడాల్సిందే. పత్తి ఏరే రోజుల్లో, కల్లాల మీద మక్కలు పట్టే రోజుల్లో మన దారుల దుమ్ము ఆ ఫిల్టర్‌ను కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే నింపేస్తుంది. ప్లగ్గు తడిగా, జిడ్డుగా ఉంటే రింగులు అరిగి ఆయిల్ పైకి వస్తోంది. పింగాణీ సున్నంలా తెల్లగా కాలిపోయి ఉంటే లోపల వేడి మితిమీరింది. పది రకాల యంత్రాలు పెట్టి చెప్పే జబ్బును ఆ వేలెడంత ముక్క చెబుతుంది.

మక్కల మాట వచ్చింది కాబట్టి పెట్రోల్ మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బంకులో పోసేది ఒట్టి పెట్రోల్ కాదు. 2025లో దేశం 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యానికి చేరింది. ఆ ఇథనాల్ చెరుకు నుంచి, నూకల నుంచి, మక్కజొన్న నుంచి వస్తోంది. మహబూబాబాద్ జిల్లా రైతు పండించే పంట బండి ట్యాంకు దారి కూడా పట్టిందన్నమాట. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్, అంటే సమయానికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, పెరుగుతుంది. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికన్నా మూడో వంతు తక్కువ. ఒట్టి పెట్రోల్ కోసం చేసి, 10 శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లు 20 శాతం మీద నడిస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే లెక్క చెప్పింది. పాత బండి మైలేజీ కాస్త పడిపోతే మెకానిక్‌ను అనుమానించే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఇథనాల్‌కు నీళ్లంటే మక్కువ, తేమను లాక్కుంటుంది. నెలల తరబడి బండి కదలకుండా ఉండేటట్టయితే ట్యాంకు సగం ఖాళీగా వదిలేయడం మంచిది కాదు.

నీళ్ల గురించి చివరిగా, కానీ అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఉంది.

2024 సెప్టెంబర్ 1న ఈ జిల్లా చూసిన వాన ఇంకా ఎవరూ మరిచిపోలేదు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు పొంగి ఒక కారును ఈడ్చుకుపోయింది. అందులోని తండ్రీ కూతుళ్లు బతకలేదు. చీకట్లో రోడ్డు మీద నీళ్లు ఎంత లోతున్నాయో, కింద రోడ్డు ఉందో లేదో ఏ ఇంజన్‌కూ తెలియదు.

ఎత్తు బండి కదా, దాటేస్తుంది అనే ధీమా ఎస్‌యూవీ వాళ్లకు ఎక్కువ. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోగలదని కంపెనీ చెబుతుంది. అంటే మోకాలు దాటి తొడ దాకా. అది నిలిచిన నీళ్ల లెక్క. పారే నీళ్లు వేరు. రెండడుగుల లోతు పారే నీళ్లు చాలా మటుకు ఎస్‌యూవీలను కూడా ఎత్తి తోసేయగలవు. టైర్లు నేలను వదిలాక 150 పీఎస్ ఉన్నా 200 పీఎస్ ఉన్నా ఒకటే.

కొట్టుకుపోకపోయినా ఇంజన్‌కు ఇంకో గండం ఉంది. గాలి పీల్చే గొట్టం మూతి నీళ్లలో మునిగితే సిలిండర్‌లోకి గాలికి బదులు నీళ్లు పోతాయి. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకి వచ్చే పిస్టన్ నీళ్లను గుద్దుకుని ఆగిపోతుంది, కింది నుంచి క్రాంకు తోస్తూనే ఉంటుంది, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే నీళ్లలో బండి ఆగిపోతే చేయకూడని పని మళ్లీ మళ్లీ స్టార్టు కొట్టడం. దిగి, మనుషులు ఒడ్డు చేరాలి. నీళ్లు తగ్గాక బండిని తోసుకొచ్చి, మెకానిక్ చేత ప్లగ్గులన్నీ విప్పించి, లోపలి నీళ్లు ఆ రంధ్రాల గుండా బయటికి చిమ్మేలా ఖాళీగా తిప్పించి, ఆయిల్ మార్చాకే స్టార్టు చేయాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో కనిపిస్తే నీళ్లు కలిశాయని అర్థం.

గార్ల దగ్గర పాకాల ఏరు ప్రతి వానాకాలం చెక్‌డ్యాం మీదుగా పొర్లుతుంది, రాంపురం వైపు రాకపోకలు ఆగిపోతాయి. ఆ రోజుల్లో ఒడ్డుకు పోతే ఎర్రనీళ్లకు ఇవతల ట్రాక్టర్లు, ఆటోలు, పాల బండ్లు, నాలుగైదు ఎత్తు కార్లు వరసగా నిలిచి ఉంటాయి. అవతల ఒడ్డున కూడా అంతే. ఇంజన్లన్నీ ఆపేసి ఉంటాయి. నీళ్లకు ఈ పక్క ఎవరో ఒక కర్ర పాతి, తడి ఎక్కడి దాకా దిగిందో గంటగంటకూ చూస్తుంటారు.